కర్మాగారంలో పనిచేసే మెకానికల్ ఇంజనీరుకు లైసెన్సు అవసరమా?

ఆరేళ్ల అనుభవం:
అమెరికాలో పంపులు తయారుచేసే సంస్థలో ఆరేళ్లుగా డిజైన్ ఇంజనీరుగా ఉన్నాను. డిగ్రీ పూర్తయిన ఏడాదే మొదటి పరీక్ష, అంటే ఎఫ్ఈ, పాసయ్యాను. లైసెన్సు కోసం రాయాల్సిన పీఈ మాత్రం అలాగే ఉండిపోయింది. మా విభాగంలో లైసెన్సున్నవారు ఒక్కరూ లేరు. “అది భవనాలకు డ్రాయింగులు గీసేవాళ్లకు, మనకెందుకు?” అంటారు మా మేనేజరు. చట్టం కూడా ఆయన వైపే ఉంది. చాలా రాష్ట్రాల్లో తయారీ సంస్థల్లో పనిచేసే ఇంజనీర్లకు లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. ఈ మినహాయింపు ఉండాలా, పోవాలా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

కవాటం:
పోవాలి. పద్నాలుగేళ్లుగా లైసెన్సుతో పనిచేస్తున్నాను కాబట్టి సూటిగానే చెబుతున్నాను.

2018 సెప్టెంబరు 13న మసాచుసెట్స్‌లో లారెన్స్, యాండోవర్, నార్త్ యాండోవర్ ఊళ్లలో ఇళ్లు వరసగా అంటుకున్నాయి, కొన్ని పేలిపోయాయి. అక్కడ పాత పోత ఇనుప గ్యాసు గొట్టం బదులు ప్లాస్టిక్ గొట్టం వేస్తున్నారు. లైనులో పీడనం ఎంతుందో, దాన్ని అదుపుచేసే రెగ్యులేటరుకు తెలిపే సన్నని సెన్సింగ్ గొట్టాలు పాత ఇనుప గొట్టానికే ఉండిపోయాయి. వాటిని కొత్తదానికి మార్చాలని పని ప్రణాళికలో ఎక్కడా రాయలేదు. పాత గొట్టాన్ని వేరుచేయగానే అందులో పీడనం పడిపోయింది. పీడనం చాలడం లేదని రెగ్యులేటరు పూర్తిగా తెరుచుకుంది. సుమారు అర పీఎస్ఐ (చదరపు అంగుళానికి అర పౌండు) పీడనం ఉండాల్సిన ఇళ్ల లైన్లలోకి దానికి ఎన్నో రెట్ల పీడనంతో గ్యాసు దూసుకొచ్చింది. ఒక యువకుడు చనిపోయాడు. ఇరవై మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. 131 కట్టడాలు దెబ్బతిన్నాయి.

ఆ ప్రణాళిక మీద లైసెన్సున్న ఇంజనీరు సీలు, అంటే దీనికి బాధ్యత నాదని వేసే ముద్ర, లేదు. అవసరమూ లేదు, గ్యాసు సంస్థల పనికి ఆ రాష్ట్రంలో అప్పట్లో మినహాయింపు ఉండేది మరి. దర్యాప్తు చేసిన జాతీయ రవాణా భద్రతా మండలి ఆ మినహాయింపును ఎత్తివేయమని చెప్పింది. ఆ ఏడాది ముగిసేలోగా అక్కడ చట్టం మారింది.

గేర్లపెట్టె:
ఆ నివేదికను నేనూ చదివాను, కవాటం గారూ. సెన్సింగ్ గొట్టాల సంగతి అదే సంస్థలో పీడన నియంత్రణ చూసే విభాగానికి తెలుసు. ప్రణాళిక ఆ విభాగం బల్ల మీదకు వెళ్లనే లేదు. అసలు లోపం అక్కడుంది. సీలు వేసే ఇంజనీరు కూడా వాళ్లను అడగకుండా సంతకం పెట్టి ఉంటే ఏం జరిగేది? 1981లో కాన్సాస్ సిటీ హోటల్లో నడవాలు కూలి 114 మంది చనిపోయారు. ఆ డ్రాయింగుల మీద సీలు ఉంది.

ఇరవై రెండేళ్లుగా గేర్‌బాక్సులు డిజైన్ చేస్తున్నాను. లైసెన్సు లేదు. నా తప్పు పట్టుకునేది గేర్‌బాక్సును బిగించి నడిపి చూసే పరీక్షా బల్ల. పూర్తి లోడు మీద వందల గంటలు తిప్పి, విప్పి, నూనె తుడిచి, ఒక్కో గేరు పంటి పక్క మీద గుంటలు పడ్డాయేమో గోటితో గీరి చూస్తాం. పీఈ పరీక్షలో 80 ప్రశ్నలు, చూసుకోవడానికి తెర మీద సూత్రాల పుస్తకం. అది పాసయినంత మాత్రాన పంటి మొదట్లో పగులు ఎందుకు పుట్టిందో తెలియదు.

మరో మాట. 1905లో బ్రాక్టన్‌లో చెప్పుల ఫ్యాక్టరీ బాయిలరు పేలి 58 మంది చనిపోయారు. ఆ తర్వాత బాయిలర్లను అదుపులోకి తెచ్చింది 1914 నాటి బాయిలరు కోడ్, తనిఖీదారులు. రేకు మందం ఎంత ఉండాలి, ఎంత పీడనానికి పరీక్షించాలి అన్నీ రాసిపెట్టారు. ముద్ర బాయిలరు మీద వేశారు, మనిషి మీద కాదు.

నైట్ షిఫ్టు:
అడిగినవారి ఇబ్బంది మీరిద్దరూ మరిచిపోయారు. పరీక్ష ఒక్కటే సరిపోదు. సాధారణంగా నాలుగేళ్ల అనుభవం చూపాలి, దాన్ని లైసెన్సున్న ఇంజనీర్లు ధ్రువీకరించాలి. కర్మాగారంలో అలాంటివారు ఎక్కడ దొరుకుతారు? నేను ఏడాదిన్నర తిరిగాను. చివరికి వృత్తి సంఘం సమావేశాల్లో పరిచయమైన ఒక పెద్దాయన నా లెక్కల కాగితాలు రెండు ఆదివారాలు కూర్చుని చదివి, ఎర్ర సిరాతో తప్పులు దిద్ది, ఆ తర్వాతే సంతకం పెట్టారు. మినహాయింపు తీసేయాలనేవారు ముందు ఈ దారి సరిచేయాలి.

కవాటం:
నైట్ షిఫ్టు గారు చెప్పింది నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు.

గేర్లపెట్టె గారూ, కాన్సాస్ సిటీలో సీలు ప్రమాదాన్ని ఆపలేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ సీలు ఉండబట్టే విచారణ మనుషుల దాకా వెళ్లింది, లైసెన్సులు రద్దయ్యాయి. మసాచుసెట్స్ ప్రణాళిక మీద అలా అడగడానికి ఏ సీలూ లేదు.

కోడ్ ఉంటే చాలన్నారు కదా, నాకు జరిగింది చెబుతాను. ఒక వేడినీటి బాయిలరు గది డ్రాయింగు సాయంత్రం ఆరింటికి నా దగ్గరకు వచ్చింది. మర్నాడు పొద్దున అనుమతులకు పంపాలి. బాయిలరుకు, పీడనం మించితే దాన్ని బయటికి వదిలే రిలీఫ్ వాల్వుకు మధ్య ఒక గేటు వాల్వు గీసి, పక్కన ‘మరమ్మతు సౌకర్యం కోసం’ అని రాశారు. దాన్ని ఎవరైనా మూసి, తెరవడం మరిచిపోతే రిలీఫ్ వాల్వు ఉన్నా లేనట్టే. అక్కడ వాల్వు పెట్టకూడదని కోడ్‌లో స్పష్టంగా ఉంది. గీసినవారికీ ఆ సంగతి తెలుసు, నిర్వహణ సిబ్బంది పట్టుబట్టారని పెట్టారు. సీలు వేయనన్నాను. మా పైఅధికారి రెండుసార్లు ఫోను చేశారు. ఆయన నన్ను ఉద్యోగంలోంచి తీసేయగలరు. కానీ నా సీలు నా చేత వేయించలేరు. తొమ్మిదింటికి ఆ వాల్వు డ్రాయింగులోంచి పోయింది. సాయంత్రం ఆరింటికి కూడా కోడ్ అదే అల్మారాలో ఉంది, గేర్లపెట్టె గారూ.

గేర్లపెట్టె:
ఆ వాల్వు విషయంలో మీకు నమస్కారం. గ్యాసు లైన్లు, బాయిలర్ల డ్రాయింగుల మీద సీలు ఉండాలన్నంత వరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. 1937లో టెక్సస్‌లోని న్యూ లండన్‌లో గ్యాసు పేరుకుని బడి పేలిపోయి మూడు వందల మంది దాకా చనిపోయారు. అదే ఏడాది ఆ రాష్ట్రం ఇంజనీర్ల లైసెన్సు చట్టం తెచ్చింది. ఎందుకు తెచ్చిందో నాకూ తెలుసు.

గేర్‌బాక్సుకు మాత్రం ఒప్పుకోను. మా దగ్గర బోల్టు పొడవు మారినా కొత్త డ్రాయింగే. రోజుకు నలభై వస్తాయి. సీలున్న మనిషి ఒక్కరే ఉంటే వారం తిరక్కుండానే చూడకుండా ముద్ర వేయడం మొదలవుతుంది. అప్పుడు మీ సీలుకున్న విలువ కూడా పోతుంది.

ఆరేళ్ల అనుభవం:
ఇదంతా చదివాక ఈరోజు ఆఫీసులో ఒక పని చేశాను. మా పంపు పెంకులను గరిష్ఠ పీడనానికి ఒకటిన్నర రెట్లు నీళ్లతో పరీక్షిస్తాం. ఆ పరీక్ష పత్రాల్లో పాతవి తీసి, ఆమోదించింది ఎవరని వెతికాను. సంతకం ఉండాల్సిన గడిలో ‘డిజైన్ విభాగం’ అని అచ్చయి ఉంది. ఆరేళ్ల కాగితాల్లోనూ అంతే. యంత్ర రూపకల్పన విభాగంలో పీఈకి దరఖాస్తు చేస్తున్నాను. నైట్ షిఫ్టు గారూ, ధ్రువీకరణ కోసం ఆ పెద్దాయనను నేను అడగవచ్చా?