నియమగిరి విషయంలో నిపుణుల హెచ్చరికను పాలకులు ఎందుకు పక్కన పెట్టారు?

ప్రశ్న (గుణుపురం నుంచి): మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. మా ఊరి పొలాలకూ, దిగువన శ్రీకాకుళం జిల్లా రైతులకూ ఆధారమైన వంశధార నియమగిరి కొండల ప్రాంతంలో పుడుతుంది. ఆ కొండ నెత్తిన బాక్సైటు (అల్యూమినియం ముడి ఖనిజం) గనికి అటవీ భూమి ఇవ్వరాదని సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ 2005లోనే సిఫారసు చేసింది. అయినా 2008లో అదే న్యాయస్థానం నుంచి అనుమతి ఎలా వచ్చింది? 2023లో బాక్సైటు గని వేలం తరువాత రాయగడ, కలహండి జిల్లాల్లోని సిజిమాలి కొండ గురించి కూడా ఇదే ఆందోళన మమ్మల్ని పట్టుకుంది కనుక, తెలిసిన పెద్దలు వివరించగలరు.

జవాబు 1 (రాయగడ, విశ్రాంత ఉపాధ్యాయుడు): నిపుణులను అడగకుండా అనుమతి ఇచ్చారని కాదండీ, అనుకూలమైన మాట దొరికేదాకా అడుగుతూ పోయారు. 2006లో డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ, తవ్వకం వల్ల అక్కడి అడవికీ జలవనరులకూ తీరని నష్టం కలుగుతుందని తొలి నివేదికలో హెచ్చరించింది. కొన్ని నెలలకే అదే సంస్థ అనుబంధ నివేదిక ఇచ్చి, నష్టాన్ని తగ్గించే చర్యల గురించి రాసింది. రాంచీలోని గనుల ప్రణాళికా సంస్థ అయితే, తవ్వినప్పుడు ఏర్పడే సన్నని పగుళ్లగుండా వాననీరు మరింతగా ఇంకుతుందని చెప్పింది.

ఈ చివరి వాదన నాకు ఎంతమాత్రం మింగుడుపడదు. మన కొండల్లో ఖొండలైటు రాతి మీద ఉండే బాక్సైటు పొర గుల్లగా ఉంటుంది. వానాకాలంలో అది నీటిని పీల్చుకుంటుంది. ఆ నీరు అడుగున బంకమట్టి తగిలిన చోట ఊటగా బయటపడుతుంది కాబట్టే మే నెలలో కూడా కొండ గెడ్డలు పారుతుంటాయి. నీటిని దాచుకునే పొరనే లారీలకెత్తి పంపాక, పగుళ్లు ఎన్ని ఉంటే మాత్రం ఏం లాభం?

జవాబు 2 (పర్లాకిమిడి నుంచి): మాస్టారు చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. గనికి అనుమతి రాకముందే నియమగిరి దిగువన లాంజిగఢ్‌లో వేదాంత కంపెనీ బాక్సైటు శుద్ధి కర్మాగారం కట్టేసింది. అన్ని కోట్లు పెట్టాక ఖనిజం ఇవ్వకపోతే ఎలా అన్న ప్రశ్న ముందుకొచ్చి, కొండ నీటి సంగతి వెనక్కి పోయింది. దమన్‌జోడి బాక్సైటు గనుల మీద బతుకుతున్న మా బంధువులున్నారు. ఉపాధి విలువ నాకు తెలుసు. అయితే కర్మాగారం ముందు, పరిశీలన తరువాత అన్న వరుస తప్పు. చివరికి 2010లో కేంద్ర పర్యావరణ శాఖ వేసిన సక్సేనా కమిటీ నివేదిక తరువాత కేంద్రం అనుమతి నిరాకరించింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు అప్పగించగా, 12 గ్రామాల్లోనూ ఆ కొండల ఆదివాసులైన డోంగ్రియా కోంధులు, వారి ఇరుగుపొరుగువారు గనిని తిరస్కరించారు.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలు. సిజిమాలి దిగువ గ్రామాలవారు ఇప్పుడు ఏం చేయవచ్చు?

జవాబు 1: ఏ ఊట ఏ నెలలో ఎంత పారుతోందో ఇప్పటి నుంచే రాసి పెట్టుకోమనండి. బిందె నిండడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో, తేదీతో సహా, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో. గని పర్యావరణ నివేదికలోని నీటి అధ్యాయాన్ని ఒడియాలోనూ కోంధుల కుయి భాషలోనూ గ్రామసభలో చదివి వినిపించాలని రాతపూర్వకంగా కోరాలి. ఆ అర్జీ రాయడంలో నా సాయం కావాలంటే తప్పక వస్తాను.