వాడిన చైన్, క్యాసెట్, షిఫ్టర్లు: సెట్ మొత్తం కొనాలా, వద్దా?

ఎదురుగాలి
నాది 10 స్పీడ్ (వెనక పది గేర్లు) షిమానో రోడ్ సైకిల్. కుడి షిఫ్టర్ (గేర్లు మార్చే లీవర్) పట్టుకోవట్లేదు. లీవర్ నొక్కితే ఒక్కోసారి క్లిక్ లేకుండా ఖాళీగా పోతోంది, పొద్దున చలిలో మరీ ఎక్కువ. ఒకాయన వాడిన షిఫ్టర్లు, వెనక డెరైలర్ (చైన్‌ని పక్క చక్రం మీదికి జరిపేది), 11-28 క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల గుత్తి, చిన్నదానికి 11 పళ్ళు, పెద్దదానికి 28), చైన్, క్రాంక్ (పెడళ్ళు బిగించే చేతులు) కలిపి అమ్ముతున్నాడు. విడిగా కూడా ఇస్తాడట. "పెద్దగా తిరగలేదు" అంటున్నాడు. క్యాసెట్ ఫొటో పెట్టాను, చూడండి. మొత్తం తీసుకోవాలా, కావలసినవే ఏరుకోవాలా? ఇంకో సంగతి, నా దగ్గర 10 స్పీడ్ మౌంటెన్ సైకిల్ డెరైలర్ ఒకటి ఖాళీగా ఉంది. రోడ్ షిఫ్టర్‌తో అది నడుస్తుందా?

కొండదారి
క్యాసెట్ జోలికి పోవద్దు. నాకు అమ్మినాయన కూడా "కొత్తదానిలా ఉంది" అనే చెప్పాడు. కొత్త చైన్ వేసి బయల్దేరాను. చదునుగా ఉన్న రోడ్డు మీద అంతా బాగానే ఉంది. ఎత్తు రాగానే సీటు మీంచి లేచి గట్టిగా తొక్కానో లేదో, చైన్ టక్కుమని ఒక పన్ను దాటేసింది. పెడల్ కిందికి జారి మోకాలు వెళ్ళి హ్యాండిల్ పట్టుకునే స్టెమ్‌కి కొట్టుకుంది. పక్కనే లారీ ఉంది, ఆ భయం ఇప్పటికీ పోలేదు. అరిగిన పళ్ళ మీద కొత్త చైన్ కూర్చోదు, బరువు పడగానే పైకి ఎక్కుతుంది. దాన్ని ఇంట్లో స్టాండ్ మీద తిప్పి చూస్తే ఏమీ తెలియదు.

స్పానర్‌చేతి
ఫొటో చూశాను. చిన్నవైపు నుంచి నాలుగో చక్రం పళ్ళు చూడండి, కొన్ని పొట్టిగా, పక్కకి కోసేసినట్టు ఉన్నాయి. క్యాసెట్ అయిపోయింది. ఇంత అరిగినదాన్ని "తిరగలేదు" అని అమ్మడం మోసం.

నూనెచుక్క
ఎదురుగాలి గారూ, అసలు షిఫ్టర్ ఎందుకు మారుస్తున్నారు? మీరు చెప్పిన లక్షణం లోపల గ్రీజు గడ్డకట్టినదానిది. చలిలో ఎక్కువవుతోందంటే ఇంకేం కావాలి? ముందు శుభ్రం చేసి చూడండి.

పళ్ళచక్రం
స్పానర్‌చేతి గారూ, ఆ పొట్టి పళ్ళు అరిగినవి కావు. ఫ్యాక్టరీ నుంచే అలా వస్తాయి. చైన్ ఒక చక్రం మీంచి ఇంకోదాని మీదికి సులువుగా ఎక్కడానికి కొన్ని చోట్ల పళ్ళని కావాలనే కోసి, పక్కన ర్యాంప్‌లు (చైన్ పైకి ఎక్కే వాలు గాట్లు) పెడతారు. కొత్త పెట్టె విప్పి చూసినా అలాగే ఉంటాయి.

స్పానర్‌చేతి
ర్యాంప్ అంటే ఏంటో నాకు చెప్పనక్కర్లేదు. ఏళ్ళ తరబడి వర్క్‌షాప్‌లో రోజూ క్యాసెట్లు విప్పే చేతులివి. అరిగినది చూస్తే తెలిసిపోతుంది.

పళ్ళచక్రం
అయితే ఎలా తెలిసిందో చెప్పండి, అందరూ నేర్చుకుంటారు. నేను చూసేది ఇది. ఫ్యాక్టరీలో కోసిన పళ్ళు చక్రంలో కొన్ని చోట్లే ఉంటాయి, మిగతావి నిండుగా ఉంటాయి. అరుగుదల అలా ఏరుకుని రాదు, ఆ చక్రంలో ప్రతి పన్నునీ తింటుంది, అదీ చైన్ లాగే వైపే. పళ్ళ మధ్య లోయ ఒక పక్కకి సాగుతుంది, పన్ను కొక్కెంలా వంగుతుంది, అంచున రేకు లేచి వేలికి తగులుతుంది. ఫొటోలో నాకు ఇవేవీ కనపడలేదు.

స్పానర్‌చేతి
ఆ ఫొటో ఏటవాలుగా తీసింది. పెద్ద చక్రాలే మెరుస్తూ కనపడుతున్నాయి. ఎక్కువ అరిగేవి మధ్యవి, వాటి మీద నీడ పడింది. అమ్మేవాళ్ళు ఇలాగే తీస్తారు. మీరు ఆయన తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టుంది.

పళ్ళచక్రం
ఆ మాట వెనక్కి తీసుకోండి. ఆయనెవరో నాకు తెలియదు. బాగున్న క్యాసెట్‌ని చెత్తలో వేయిస్తారేమోనని చెప్తున్నాను.

రెండుచక్రాలు
మీరిద్దరూ పళ్ళ దగ్గరే ఆగిపోయారు. ప్రాణం మీదికి తెచ్చేది క్రాంక్! 2023 సెప్టెంబరులో షిమానో 11 స్పీడ్ అల్టెగ్రా, డ్యూరా-ఏస్ క్రాంక్‌లని తనిఖీకి పిలిచింది. రెండు ముక్కలు అతికించి చేసిన క్రాంక్ చెయ్యి ఆ అతుకు దగ్గర విడిపోవచ్చని. 2012 జూన్ నుంచి 2019 జూన్ వరకు తయారైనవి. ఎఫ్‌సీ-6800, ఎఫ్‌సీ-9000, ఎఫ్‌సీ-ఆర్8000, ఎఫ్‌సీ-ఆర్9100, దాని పవర్‌మీటర్ రకం. చెయ్యి లోపలివైపు రెండక్షరాల కోడ్ ఉంటుంది, కేఎఫ్ నుంచి ఆర్ఎఫ్ దాకా అయితే తనిఖీ చేయించాల్సిందే. వాడిన క్రాంక్ కొనేవాళ్ళలో ఎంతమంది ఆ కోడ్ అడుగుతున్నారు?

ఎదురుగాలి
అమ్మేవాడు ఈ క్రాంక్ 6700 అన్నాడు.

రెండుచక్రాలు
6700 అంటే 10 స్పీడ్, ఆ జాబితాలో లేదు. అయినా క్రాంక్ ఎడమ చెయ్యి విప్పించి లోపలి గాట్లు చూడండి. అది వదులుగా ఉండగా తొక్కి ఉంటే గాట్ల అంచులు గుండ్రబడతాయి, ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు. పెడల్ మరలు కూడా చూడండి. ఎడమ పెడల్‌ది ఎడమ మర, అంటే తిరగేసి బిగించేదని తెలియకుండా బలవంతంగా తిప్పినవాళ్ళు చాలామంది.

కొండదారి
మౌంటెన్ డెరైలర్ సంగతి ఎవరూ చెప్పలేదు కదా. నడవదు. 9 స్పీడ్ దాకా షిమానో రోడ్, మౌంటెన్ డెరైలర్లు దాదాపు అన్నీ, షిఫ్టర్ లాగిన కేబుల్‌కి ఒకేలా జరిగేవి. 10 స్పీడ్ మౌంటెన్‌లో ఆ లెక్క మార్చారు. 9 స్పీడ్ మౌంటెన్ డెరైలర్ అయితే మీ 10 స్పీడ్ రోడ్ షిఫ్టర్‌తో హాయిగా నడుస్తుంది, నేను కొండలకి అదే వాడుతున్నాను, పెద్ద క్యాసెట్ పెట్టుకోవచ్చు. షిమానోదే టియాగ్రా 4700 షిఫ్టర్ అయితే మాత్రం కుదరదు, అది 10 స్పీడే అయినా కేబుల్ లాగే కొలత వేరు.

నూనెచుక్క
ఇంకోసారి చెప్తున్నాను, షిఫ్టర్‌ని శుభ్రం చేయండి! రబ్బరు హుడ్ వెనక్కి మడిచి, కేబుల్ తీసేసి, గ్రీజు కరిగించే డీగ్రీజర్ స్ప్రే లోపలికి బాగా కొట్టండి. కొడుతూనే లీవర్ టకటకా నొక్కుతూ ఉండండి. మొదట గోధుమరంగు జిగురు కారుతుంది. అది ఆగేదాకా వదలకండి. ఆరాక పల్చటి నూనె వేయాలి, ఎందుకంటే ఉన్న గ్రీజంతా పోయి ఉంటుంది. కేబుల్ తలకాయ దగ్గర పోగులు తెగి లోపల ఇరుక్కున్నాయేమో టార్చి వేసి చూడండి. దీనికి ఒక సాయంత్రం చాలు. ఇక్కడ ఇంతమంది ఇన్ని రాశారు, ఆయన షిఫ్టర్ జబ్బు ఏంటో ఒక్కరూ అడగలేదు. నాకు బాధగా ఉంది.

చైన్‌గొలుసు
క్యాసెట్‌తో పాటు దాని పాత చైన్ కూడా తీసుకుంటే జారదు. కలిసి అరిగినవి కలిసి నడుస్తాయి. నేను అలాగే వాడుతున్నాను.

స్పానర్‌చేతి
నడుస్తాయి, చైన్ తెగేదాకా! అప్పుడు రెండూ మార్చాలి. ఎదురుగాలి గారూ, అమ్మేవాడి దగ్గరికి స్కేలు పట్టుకెళ్ళండి. చైన్‌ని బిగువుగా పట్టి ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టండి. కొత్త చైన్ అయితే 12 అంగుళాల గీత సరిగ్గా ఇంకో పిన్ను మధ్యలోకి వస్తుంది. పిన్ను ఆ గీతని అంగుళంలో పదహారో వంతు దాటితే చైన్ మార్చే వేళయింది. ఎనిమిదో వంతు దాటితే క్యాసెట్ కూడా పోయినట్టే.

పళ్ళచక్రం
ఈ మాటతో ఏకీభవిస్తాను. కొలిచి చెప్పండి, ఊహలొద్దు. కాకపోతే చైన్ ఈమధ్యే మార్చి ఉంటే కొలత కొత్తగానే వస్తుంది, క్యాసెట్ గురించి ఏమీ చెప్పదు. కొత్త చైన్ ముక్క ఒకటి తీసుకెళ్ళి మధ్య చక్రాల మీద చుట్టి, గట్టిగా లాగి చూడండి. పళ్ళ మీదికి లేస్తుంటే వదిలేయండి.

ఎదురుగాలి
వెళ్ళి కొలిచాను. ఎనిమిదో వంతు దాటింది. కొత్త చైన్ ముక్క పెద్ద చక్రాల మీద బాగానే కూర్చుంది, మధ్యవి మూడింటి మీద లాగితే పైకి లేచింది. పొట్టి పళ్ళు మాత్రం కొన్ని చోట్లే ఉన్నాయి, పళ్ళచక్రం గారు చెప్పినట్టే. క్యాసెట్, చైన్ వద్దని చెప్పేశాను.

స్పానర్‌చేతి
అయిపోయిందని మొదటే చెప్పాను.

పళ్ళచక్రం
తప్పు పళ్ళు చూపించి చెప్పారు.

ఎదురుగాలి
షిఫ్టర్లు కూడా తీసుకోలేదు. నూనెచుక్క గారు చెప్పినట్టు రాత్రి స్ప్రే కొట్టాను. చాలాసేపు ఏమీ కాలేదు, తర్వాత నల్లటి జిగురు కారింది, ఉన్నట్టుండి క్లిక్ పట్టుకుంది. పొద్దున చలిలో కూడా ఒక్కటీ తప్పలేదు. ఏ నూనె వేయమంటారు, చైన్‌కి వేసేదే చాలా?

నూనెచుక్క
చాలా సంతోషం! చైన్‌ది వద్దు, మళ్ళీ జిగురు కడుతుంది. కుట్టుమిషన్ నూనె లాంటి పల్చటిది చుక్కలుగా వేసి లీవర్ ఆడించండి. కేబుల్ మాత్రం కొత్తది వేయండి, అది వాడినది ఎవరిచ్చినా తీసుకోకండి.