పాత స్విఫ్ట్‌లో 50 దాటితే ఊఁ అని సౌండ్: వీల్ బేరింగా, టైరా?

అనంతపురం స్విఫ్ట్, మారతహళ్లి:
అందరికీ నమస్కారం. నాది 2010 స్విఫ్ట్ పెట్రోల్, లక్ష కిలోమీటర్లు ఎప్పుడో దాటింది. కొన్ని నెలలుగా 50 దాటగానే ముందు వైపు నుంచి ఊఁ అని ఒక సౌండ్ మొదలవుతోంది, 80కి వచ్చేసరికి దూరంగా పిండిమర ఆడుతున్నట్టు ఉంటుంది, పక్క సీట్లో వాళ్లతో గొంతు పెంచి మాట్లాడాలి. 40 లోపు ఏమీ ఉండదు కాబట్టి సిటీ ట్రాఫిక్‌లో అసలు తెలియదు, ఊరికి వెళ్లేటప్పుడు దేవనహళ్లి దాటాకే బయటపడుతుంది. ఇంటి దగ్గర మెకానిక్ ఒక రౌండ్ నడిపి ముందు చక్రాల బేరింగులు రెండూ మార్చాలన్నాడు. టైర్ల షాపులో అడిగితే బేరింగ్ కాదు, టైర్లు పోయాయి, నాలుగూ మార్చమన్నారు. సంక్రాంతికి అమ్మానాన్నలతో ప్రయాణం ఉంది, చక్రం మీద అనుమానం పెట్టుకుని హైవే ఎక్కడం ఇష్టం లేదు. డబ్బు ఖర్చుపెట్టే ముందు దీన్ని ఎలా తేల్చుకోవాలో, ఇలాంటిది చూసినవాళ్లు చెప్పండి.

వ్యాగన్ఆర్ వాసు, హోసూరు రోడ్:
అన్నా, ఏ పార్టూ కొనొద్దు ఇప్పుడే. ముందు ఆ సౌండ్ దేని వెంట నడుస్తోందో చూడు. ఇంజిన్ వెంటా, చక్రం వెంటా? ఎలక్ట్రానిక్ సిటీ ఎలివేటెడ్ రోడ్డు మీద ఉదయాన్నే సిగ్నళ్లూ ఉండవు, రష్షూ ఉండదు, ఈ పనికి మంచి చోటు. 70లో ఐదో గేర్‌లో కాసేపు వెళ్లి, అదే 70ని నాలుగో గేర్‌లో పట్టుకో. ఇంజిన్ తిరగడం పెరుగుతుంది, చక్రం తిరగడం మారదు. ఊఁ కూడా అలాగే ఉంటే చక్రం వైపు విషయం, శ్రుతి మారితే ఇంజిన్ వైపో గేర్‌బాక్స్ వైపో చూడాలి. తర్వాత వెనక ఎవరూ లేనప్పుడు న్యూట్రల్‌లో వదిలి చూడు, ఇంజిన్ మాత్రం ఆపకు, ఆపితే పవర్ స్టీరింగ్ పోతుంది, బ్రేక్ కూడా గట్టిపడుతుంది. న్యూట్రల్‌లో కూడా అదే సౌండ్ ఉండి, స్పీడ్ తగ్గేకొద్దీ తనూ తగ్గుతుంటే మిగిలేవి ముఖ్యంగా బేరింగులు, టైర్లే. యాక్సిలరేటర్ తొక్కితే ఒకలా, వదిలితే ఒకలా ఉంటే మాత్రం గేర్‌బాక్స్ లోపలి బేరింగులనీ డిఫరెన్షియల్‌నీ (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకీ పంచే భాగం) అనుమానించాలి.

చెన్నై ఐ10, పెరంబూర్:
వాసు గారు చెప్పింది మొదటి మెట్టు. ఎడమా కుడా తేలాలంటే మలుపులు కావాలి. కుడికి తిరుగుతుంటే బండి బరువు ఎడమ చక్రాల మీదకి వెళ్తుంది, ఎడమకి తిరిగితే కుడి చక్రాల మీదకి. అరిగిన బేరింగ్ మీద బరువు పడితే సాధారణంగా సౌండ్ పెరుగుతుంది. మా దగ్గర కత్తిపారా ఫ్లైఓవర్ లూపులు దీనికి బాగా పనికొస్తాయి. మనం రోడ్డుకు ఎడమ పక్క నడుపుతాం కాబట్టి ఆ లూపులన్నీ ఎడమకే తిరుగుతాయి, అంటే లూపంతా కుడి చక్రాలే మోస్తాయి. నా బండిలో లూపు ఎక్కగానే సౌండ్ చచ్చిపోయేది, బయటకు రాగానే మళ్లీ మొదలు. ఎడమ ముందు బేరింగ్ అని అక్కడే తెలిసింది, విప్పితే నిజమే. ఒక్క మాట, ఇది నూటికి నూరు కాదు. ఇప్పటి బేరింగుల్లో బాల్స్ రెండు వరసలు ఉంటాయి, ఏ వరస అరిగిందనే దాన్ని బట్టి ఒక్కోసారి తిరగబడుతుంది. మలుపు టెస్ట్ ఒక్కదాన్నే నమ్మి బండి విప్పించొద్దు.

హెబ్బాల్ జెన్:
టైర్ల షాపు వాళ్లు చెప్పారు కదా అని ఆ మాటని కొట్టిపారేయకండి. అరిగిన టైరు సౌండ్, బేరింగ్ సౌండ్ అచ్చం ఒకేలా ఉంటాయి, అనుభవం ఉన్న మెకానిక్కులే తికమకపడతారు. బండి ఆపి టైరు మీద అరచేయి పెట్టి ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి నిమరండి. ఒక వైపు నున్నగా, రెండో వైపు రంపంలా గీరుకుంటే టైరు మీది రబ్బరు గడులు (ట్రెడ్) వంకరగా అరిగాయని లెక్క. షాక్ అబ్సార్బర్లు పోయిన బండ్లలో అయితే టైరు మీద గుంట, మిట్ట, గుంట, మిట్టగా అరుగుతుంది, అది హైవే మీద ఊఁ అనే అంటుంది.

ఇంకొకటి, రోడ్డు మారితే టైరు గొంతు మారుతుంది, బేరింగ్ గొంతు మారదు. బెంగళూరులో వైట్ టాపింగ్ వేసిన కాంక్రీటు రోడ్డు మీంచి తారు రోడ్డు మీదకి దిగే చోట అదే స్పీడ్‌లో వినండి. కొత్త తారు మీద సౌండ్ సగానికి పడిపోతే టైరే. అది కూడా తేలకపోతే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి, ఎడమవి ఎడమకే, కుడివి కుడికే. సౌండ్ వెనక్కి పోతే టైరు, ఉన్నచోటే ఉంటే బేరింగ్. చిన్న లేబర్‌తో అయిపోతుంది. ఆ పనిలోనే టైరు పక్కన ఉండే డాట్ (DOT) కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి, 2317 అని ఉంటే 2017లో 23వ వారం తయారైనది. గడులు మిగిలి ఉన్నా రబ్బరు గట్టిపడితే మోత పెరుగుతుంది.

కేఆర్ పురం ఆల్టో:
ఊఁ కాకుండా సన్నగా కీచుమని లోహం రాసుకున్నట్టు ఉంటే బ్రేక్ డిస్క్ వెనక రేకు చూడండి, చిన్న రాయి ఇరుక్కుంటుంది, స్క్రూడ్రైవర్‌తో కొంచెం వంచితే పోతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటకమంటే అది డ్రైవ్ షాఫ్ట్ చివరి సీవీ జాయింట్. 80, 90 మధ్య స్టీరింగ్ వణికితే ముందుగా వీల్ బ్యాలెన్సింగ్ చూపించండి. ఇవన్నీ కలిపి బేరింగ్ అనేస్తుంటారు.

అనంతపురం స్విఫ్ట్, మారతహళ్లి:
ఆదివారం ఉదయం అన్నీ చూశాను. నాలుగు, ఐదు గేర్లలో ఒకే సౌండ్, న్యూట్రల్‌లో కూడా అదే. కుడి మలుపుల్లో స్పష్టంగా పెరుగుతోంది, ఎడమ మలుపుల్లో దాదాపు పోతోంది. ముందు టైర్లు చేత్తో నిమిరితే ఒక వైపు గీరుకుంటున్నాయి. అందుకని టైర్లు ముందూ వెనకా మార్పించాను. ఇప్పుడు రెండు సౌండ్లు విడివిడిగా తెలుస్తున్నాయి! కాంక్రీటు మీద వచ్చే గరగర వెనక్కి వెళ్లిపోయింది, ఊఁ మాత్రం ముందు వైపే ఉంది. అంటే రెండూ ఉన్నాయా?

పీణ్య ప్రెస్ వర్క్:
ఉంటాయి అండి, పాత బండ్లలో రెండూ కలిసే వస్తాయి చాలాసార్లు. మాది పీణ్యలో చిన్న లేత్ షాప్, చుట్టుపక్కల గ్యారేజీల నుంచి నకిల్స్‌ని (చక్రం బేరింగ్ కూర్చునే ఇనుప భాగాలు) బేరింగ్ ప్రెస్ చేయడానికి మా దగ్గరికే తెస్తారు, కాబట్టి రెండు మాటలు వివరంగా చెప్తాను.

విప్పే ముందు చివరి పరీక్ష చేయించండి. చదునైన చోట, వెనక చక్రాలకు అడ్డం పెట్టి, జాకీతో ఎత్తి కింద స్టాండ్ పెట్టాలి, జాకీ ఒక్కదాన్ని నమ్మి చేతులు పెట్టకూడదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ప్లే (వదులు కదలిక) ఉంటే ఇంకొకరిని బ్రేక్ తొక్కమనండి. బ్రేక్ తొక్కగానే ప్లే పోతే బేరింగ్, అయినా ఉంటే చక్రాన్ని బండికి పట్టి ఉంచే బాల్ జాయింటో లోయర్ ఆర్మో చూడాలి. కుడీ ఎడమా పట్టుకుని ఊపితేనే కదిలితే ఎక్కువగా స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ వైపు. అసలు ప్లే లేదు కాబట్టి బేరింగ్ బాగుంది అనుకోవద్దు, సౌండ్ ముందొస్తుంది, ప్లే తర్వాత వస్తుంది. న్యూట్రల్‌లో పెట్టి ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేయి కాయిల్ స్ప్రింగ్ మీద పెట్టండి, చెవికి వినపడని గరుకు చేతికి తెలుస్తుంది. ఒక చక్రం మాత్రమే ఎత్తి ఇంజిన్‌తో తిప్పే వాళ్లుంటారు, వద్దు. రెండో చక్రం నేల మీద ఆగి ఉంటే ఎత్తిన చక్రం మీటరు చూపించే స్పీడ్‌కి రెట్టింపు తిరుగుతుంది, బండి జాకీ మీంచి జారితే ప్రాణం మీదకి వస్తుంది.

ఇక అసలు సంగతి. కొత్త బేరింగ్ కొద్ది నెలలకే మళ్లీ అరిస్తే అందరూ డూప్లికేట్ అంటారు. మార్కెట్‌లో డూప్లికేట్లు ఉన్న మాట నిజమే, బెంగళూరు స్పేర్ పార్ట్స్ బజారు జేసీ రోడ్డులో కొన్నా బిల్లు తీసుకోండి, ఎస్‌కేఎఫ్ లాంటి కంపెనీలకి అసలుదా నకిలీదా చూసుకునే యాప్‌లు కూడా ఉన్నాయి. కానీ మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం బిగించేటప్పుడే పాడైనవి. బేరింగ్‌ని నకిల్‌లోకి ఎక్కించేటప్పుడు బయటి రింగు మీదే ఒత్తాలి. హబ్‌ని (చక్రం బిగించే భాగం) ఎక్కించేటప్పుడు లోపలి రింగుకి కింద ఆధారం ఇవ్వాలి. ఇది తప్పితే ఒత్తిడంతా బాల్స్ మీదుగా వెళ్లి రింగుల మీద సన్నని నొక్కులు పడతాయి, ఆ నొక్కులే తర్వాత ఊఁ అంటాయి. సుత్తితో కొడితే ఇక చెప్పక్కర్లేదు. సుత్తి చూపించిన గ్యారేజీలో ఆ పని చేయించొద్దండి. ఏబీఎస్ ఉన్న కొన్ని బండ్లలో బేరింగ్ సీల్‌లోనే అయస్కాంతపు రింగు ఉంటుంది, అది సెన్సర్ వైపే ఉండాలి, తిరగేసి బిగిస్తే ఏబీఎస్ లైటు వెలుగుతుంది.

యాక్సిల్ నట్ కొత్తది వేయించండి, టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో చెప్పినంత బిగించాలి. గన్‌తో గర్రున బిగించి వదిలేయడం కాదు, ఆ నట్ బిగువే లోపలి రింగులు రెంటినీ సరిగ్గా పట్టుకుంటుంది. నట్ బిగించకుండా బండిని చక్రాల మీద కదిలించినా బేరింగ్ పాడవుతుంది. పాతదాన్నే తీసి గ్రీజు పెట్టి మళ్లీ వేస్తామంటే ఒప్పుకోకండి. ఇవి సీల్డ్ బేరింగులు, హబ్ లాగేటప్పుడే లోపలి రింగు దానితో పాటు ఊడి వచ్చేస్తుంది.

బెళ్లందూర్ శాంత్రో:
నీళ్ల సంగతి కూడా రాయాలి. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు మునిగినప్పుడు మా వీధిలో బండ్లు చక్రాలు మునిగేంత నీళ్లలో నిలబడ్డాయి. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాయా అని అందరూ చూశారు, బేరింగుల్ని ఎవరూ చూడలేదు. కొన్ని నెలల తర్వాత ఒక్కొక్కటే మొదలైంది. నడిచి వేడెక్కిన హబ్ చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, పాతబడిన సీల్ పక్కనుంచి నీళ్లు లోపలికి లాగుతుంది, గ్రీజు పాడై తుప్పు మొదలవుతుంది. చాలా మారుతి బండ్లలో వెనక బేరింగ్ డ్రమ్ములోనే ఉంటుంది, వాటినీ చూపించండి. సౌండ్ ముందా వెనకా అన్నది డ్రైవర్ సీట్లోంచి సరిగ్గా తెలియదు, వెనక సీట్లో ఒకరిని కూర్చోబెట్టి వినమనండి.

అనంతపురం స్విఫ్ట్, మారతహళ్లి:
పని అయింది. జాకీ మీద ఎత్తితే ప్లే ఏమీ లేదు, కానీ ఎడమ ముందు స్ప్రింగ్ మీద చేయి పెడితే గరుకు తెలిసింది, కుడి వైపు నున్నగా ఉంది. నకిల్ విప్పించి ప్రెస్ ఉన్న చోట ఎక్కించాము, దగ్గరే నిలబడి చూశాను. పాత బేరింగ్ రింగు మీద పొలుసులు లేచినట్టు గుంటలు ఉన్నాయి. హైవే మీద 90లో ఊఁ పూర్తిగా పోయింది, కాంక్రీటు మీద వెనక టైర్ల గరగర మాత్రం మిగిలింది. మెకానిక్ ఇప్పుడు కుడి వైపుది కూడా ముందుజాగ్రత్తగా మార్చేద్దాం అంటున్నాడు. మార్చాలా?

పీణ్య ప్రెస్ వర్క్:
అక్కర్లేదు. బ్రేక్ ప్యాడ్లు జతగా మారుస్తాం, బేరింగ్ పోయినదాన్నే మార్చాలి. గరుకు లేదు, ప్లే లేదు, సౌండ్ లేదు అంటే బాగున్నదాన్ని విప్పి పాడుచేసుకోవడమే. ఆ డబ్బు అలైన్‌మెంట్‌కి పెట్టండి, నకిల్ విప్పారు కాబట్టి స్ట్రట్ (షాక్ అబ్సార్బర్ ఉండే కాలు) బోల్టుల దగ్గర క్యాంబర్, అంటే చక్రం నిలువు వంపు, కొంచెం మారి ఉంటుంది, అది వదిలేస్తే ముందుకి తెచ్చిన టైర్లు కూడా అలాగే గీరుకుపోతాయి. షాక్ అబ్సార్బర్లు కూడా ఒకసారి చూపించి, ఆ తర్వాత అనంతపురం బయల్దేరండి.