‘కొత్త నరాలు’ అనవచ్చా?

హనుమకొండ సభ్యురాలు: మహిళా సంఘాలలో పంచడానికి రొమ్ము క్యాన్సర్ మీద కరపత్రం రాస్తున్నాం. అందులో ఒక వాక్యం: ‘కీమో మందు గడ్డకు కొత్త నరాలు పుట్టకుండా ఆపుతుంది.’ ‘నరాలు’ ఉంచాలా, ‘రక్తనాళాలు’ అని మార్చాలా? పెద్దలు చెప్పండి.

కాజీపేట, నర్సింగ్ పాఠాలు చెప్పే సభ్యురాలు: అమ్మా, సెలైన్ ఎక్కించేటప్పుడు ‘నరం దొరకడం లేదు’ అని మేమే అంటాం. అక్కడ నరమంటే సిర. ‘నరాల డాక్టరు’ అన్నప్పుడు మాత్రం నాడి, అంటే స్పర్శను మెదడుకు చేర్చేది. రెండు అర్థాలూ జనం నోట బతికే ఉన్నాయి, ఏదీ తప్పు కాదు. చిక్కు మీ కాగితంలోనే వస్తుంది. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కించుకున్న చాలామందికి వేళ్లు, అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. దాన్ని ‘నరాలు దెబ్బతినడం’ అనే రాస్తారు. పై వరుసలో ఒక నరం, కింది వరుసలో మరో నరం ఉంటే చదివే ఆమె రెండూ ఒకటే అనుకుంటుంది. ‘రక్తనాళాలు’ అనండి.

జనగామ సభ్యుడు: ‘నవరక్తనాళజననం’ అంటే నిండుగా ఉంటుంది కదా?

కాజీపేట: పోతన పుట్టిన జిల్లావారు, సమాసం మీద మీకు మమకారం ఉండదా! కానీ కరపత్రం సంఘం సమావేశంలో ఎవరో ఒకరు పైకి చదవాలి సార్.

వరంగల్, విశ్రాంత వైద్యుడు: ‘నరాలు’ సంగతి తేలింది. నా అభ్యంతరం ‘ఆపుతుంది’ మీద. గడ్డ ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే దానికి సొంత రక్తనాళాలు కావాలని 1971లో అమెరికా శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ ప్రతిపాదించారు. ఆక్సిజన్ చాలనప్పుడు గడ్డలోని కణాలు వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను వదులుతాయి, పక్కనున్న నాళాలు అటువైపు కొమ్మలు వేస్తాయి. కీమో మందులు ముఖ్యంగా విభజన చెందుతున్న కణాలను దెబ్బతీస్తాయి. కొత్త నాళపు లోపలి పొరలోనూ అలాంటి కణాలే ఉంటాయి కాబట్టి వాటికీ దెబ్బ తగులుతుంది. అంతవరకు మీ వాక్యం నిజమే.

అయితే మూడు వారాలకోసారి పెద్ద మోతాదు ఇస్తే, ఆ విరామంలో నాళాలు కోలుకుంటాయి. పెద్ద మోతాదు పడ్డాక ఎముక మజ్జ నుంచి నాళాలను కట్టే కణాలు బయలుదేరి గడ్డకు చేరడం ఎలుకల్లో కనిపించింది కూడా. అందుకే సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందును చిన్న మోతాదులో, దీర్ఘ విరామం లేకుండా ఇచ్చే పద్ధతి వచ్చింది. 2000లో దానికి ‘మెట్రోనమిక్’ అని పేరు పెట్టారు. సంగీతంలో లయ చూపే పరికరం పేరు నుంచి తీసుకున్నది.

ఇంకో మెలిక ఉంది. సెలైన్‌లో ఎక్కిన మందు గడ్డలోకి పోయేది ఆ నాళాల గుండానే. వంకరటింకరగా, కారుతూ ఉండే ఆ నాళాలను పూర్తిగా మూసేయడం కంటే కొంత చక్కబరిస్తే మందు బాగా చేరుతుందని క్యాన్సర్ పరిశోధకుడు రాకేశ్ జైన్ వాదించారు. వీఈజీఎఫ్‌ను పట్టుకోవడానికే తయారైన బెవాసిజుమాబ్‌కు 2008లో అమెరికాలో, ఇతర భాగాలకు పాకిన రొమ్ము క్యాన్సర్‌కు పాక్లిటాక్సెల్‌తో కలిపి వాడేందుకు అనుమతి ఇచ్చారు. ఆయుష్షు పెరిగినట్టు తేలకపోవడంతో, దుష్ప్రభావాలనూ చూసి 2011లో వెనక్కి తీసుకున్నారు. నాళాల కోసమే చేసిన మందుకే ఆ గతి పడితే, మామూలు కీమో గురించి ‘ఆపుతుంది’ అని ఎలా రాస్తాం?

జనగామ: అసలు క్యాన్సర్ పేరులోనే నాళాలున్నాయి. రొమ్ము గడ్డ చుట్టూ ఉబ్బిన సిరలు పీత కాళ్లలా ఉన్నాయని ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ రాశాడు. గ్రీకులో పీత ‘కర్కినోస్’, మన ‘కర్కటం’ దానికి చుట్టమే.

హనుమకొండ: బాగుంది సార్. ఇలా మార్చాను: ‘కీమో మందు గడ్డలోని కణాలను చంపుతుంది. గడ్డకు రక్తం తెచ్చే కొత్త నాళాలను కూడా కొంతవరకు దెబ్బతీస్తుంది. ఎంతవరకు అన్నది మందును, మోతాదును బట్టి ఉంటుంది.’ కానీ పైకి చదివితే మా అత్తమ్మ ‘నాలా’ అని విని, మురికికాలువ గురించా అని అడిగింది.

కాజీపేట: అయితే ఒంటరిగా ‘నాళం’ వద్దు. ప్రతిచోటా ‘రక్తనాళం’ అని పూర్తిగా రాయండి.