మిగులు సోలార్ కరెంటుతో వేడినీళ్లు: డైవర్టర్ పెట్టాలా, అక్కర్లేదా?

ఉప్పల్ డాబా: మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది. మంచి ఎండ రోజున 12 యూనిట్ల దాకా వస్తాయి. ఇద్దరం ఉద్యోగస్తులం, పగలు ఫ్రిజ్ తప్ప ఏదీ నడవదు, మిగతాదంతా గ్రిడ్‌కే పోతోంది. ఇంగ్లండ్‌లో డైవర్టర్ అని పెట్టుకుంటారట. బయటికి ఎంత కరెంటు పోతోందో చూసి, సరిగ్గా అంతే నీళ్ల హీటరుకు మళ్లిస్తుందట. నేనూ తెప్పించుకోనా?

మియాపూర్ మీటరు: గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్లు, తీసుకున్నవి రెండూ లెక్కపెట్టే నెట్ మీటరు ఉంటే వద్దండీ. మధ్యాహ్నం మీరిచ్చిన యూనిట్, పొద్దున గీజర్ తాగే యూనిట్ బిల్లులో చెల్లుకు చెల్లు. పైగా మిగులు ఎక్కువుండే ఎండాకాలంలో మీ ట్యాంకు నీళ్లే చెయ్యి కాలేంత వేడిగా వస్తాయి!

రెడింగ్ తెలుగు: ఇక్కడ ఇంగ్లండ్‌లో ఆ డైవర్టర్ పెట్టె ఎందుకు చెల్లిందో చెప్తాను. 2010 ఏప్రిల్‌లో వచ్చిన ఫీడ్ ఇన్ టారిఫ్ అనే పథకంలో, ఎగుమతి కొలిచే మీటరు లేని ఇళ్లకు తయారైన దాంట్లో సగం గ్రిడ్‌కు పోయినట్టే లెక్కగట్టి డబ్బులిచ్చేవారు. నిజంగా పంపినా పంపకపోయినా అంతే. అందుకే ఇంట్లో వాడుకున్న ప్రతి యూనిటూ లాభం. 2019 మార్చి 31 తర్వాత కొత్తవాళ్లకు ఆ పథకం లేదు. ఇప్పుడైతే కొన్ని కంపెనీలు మన యూనిట్‌కు గ్యాస్ యూనిట్ కంటే ఎక్కువే ఇస్తున్నాయి, అలాంటప్పుడు అమ్ముకుని గ్యాస్‌తో కాచుకోవడమే నయం. ఇంకొకటి, కరెంటు ఎటు పోతోందో డైవర్టర్‌కు తెలిసేందుకు మీటరు వైరుకు తొడిగే క్లాంపు దిశ తప్పకూడదు. మా ఇంట్లో తిరగేసి పెట్టి వెళ్లారు. తీసుకునే కరెంటును మిగులు అనుకుని, రాత్రంతా గ్రిడ్ కరెంటుతో వేడినీళ్ల ట్యాంకు మరిగించింది.

కర్నూలు ఎండ: మియాపూర్ గారూ, నెట్ మీటరు అందరికీ వెంటనే వస్తుందా? మాకు వచ్చేలోగా పాత డిజిటల్ మీటరు బయటికి పోయిన యూనిట్లను కూడా వాడకం కిందే రాసింది. బిల్లు చూసి ఎంత టెన్షన్ పడ్డామో! డైవర్టర్ ఉంటే ఆ కరెంటు నీళ్లలోనైనా ఉండేది.

మియాపూర్ మీటరు: మీ బాధ న్యాయమైనదే. మీటరు మారేదాకా ప్యానెళ్లు ఆన్ చేయకుండా ఉండాల్సింది, ఆ మాట బిగించినవాళ్లు చెప్పాలి. కానీ కొద్దివారాల కోసం అంత ఖరీదైన పెట్టె దేనికి? పగలొక రేటు, సాయంత్రం ఒక రేటు పెడితే మాత్రం నా లెక్క మారుతుంది.

ఉప్పల్ డాబా: అందరూ చెప్పింది విని ఆదివారం చేసి చూశాను. 25 లీటర్ల గీజర్, మధ్యాహ్నం 1 గంటకు 60 డిగ్రీలకు తెచ్చి స్విచ్ కట్టేశాను. సోమవారం పొద్దున 6 గంటలకు థర్మామీటరు పెడితే 46. చన్నీళ్లు కలుపుకుని ఇద్దరి స్నానాలూ అయ్యాయి. కాబట్టి డైవర్టర్ అక్కర్లేదు, మధ్యాహ్నం గీజర్ వేసే టైమర్ చాలనిపిస్తోంది.

మియాపూర్ మీటరు: స్నానాలు అయినందుకు సంతోషం. అయితే ఆ పోయిన 14 డిగ్రీలు దాదాపు 0.4 యూనిట్. గ్రిడ్‌లో దాచుకుని ఉంటే అది పోయేది కాదు. స్నానానికి అరగంట ముందు స్విచ్ వేసుకోండి, మీది నెట్ మీటరే అయితే అదే సరైన పద్ధతి.

ఉప్పల్ డాబా: రేపటి నుంచి 5:30కి వేస్తాను.