‘ది అవుట్‌సైడర్స్’ మా వాడికి ఇప్పుడే ఇవ్వనా?

ప్రశ్న:
మా అబ్బాయికి 13 ఏళ్లు. ఎస్.ఇ. హింటన్ నవల ‘ది అవుట్‌సైడర్స్’ వాడికిద్దామని ముందు నేను చదివాను. అందులో కథ చెప్పే పోనీబాయ్‌కి 14 ఏళ్లు, అమ్మానాన్నలు కారు ప్రమాదంలో పోయారు. ఇల్లు నడిపేది ఇరవై ఏళ్ల అన్న డారీ. ఓ రాత్రి ఆలస్యంగా వచ్చాడని తమ్ముణ్ణి కొడతాడు. అక్కణ్ణుంచి కథ కత్తిపోటు దాకా పోతుంది. మా ఇంట్లో ఇప్పుడు విడాకుల గొడవ నడుస్తోంది. వాడు అసలే మాట్లాడటం తగ్గించాడు. టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ఇచ్చేయండి. రాయడం మొదలుపెట్టినప్పుడు హింటన్‌కి 15 ఏళ్లే, 1967లో అచ్చయ్యేసరికి 18. అందుకేనేమో, పెద్దవాళ్లు నీతులు చెబుతున్నట్టు ఉండదు.

జవాబు 2:
నాకైతే కత్తిపోటు కన్నా పోనీబాయ్ స్నేహితుడు జానీ ఇల్లే మింగుడుపడలేదు. నాన్న కొడుతున్నప్పుడే నయం, కనీసం నేనెవరో ఆయనకి తెలుసని అప్పుడు అనిపిస్తుంది అంటాడు. మా నాన్న తాగొచ్చిన రాత్రుల్లో నేనూ ఇలాంటిదే అనుకునేవాణ్ణి, ఎవరికీ చెప్పలేదు. ఈ పుస్తకం నాకు ముప్పై దాటాక దొరికింది. ఆలస్యమైంది.

జవాబు 3:
చివర్లో చావులున్నాయి, అది మాత్రం ముందే చెప్పండి. చదివాక ‘ఎలా ఉంది’ అని వెంటపడకండి. మా అమ్మాయి వారం తర్వాత, గిన్నెలు తుడుస్తూ, డారీ పాపం కదా అంది. అంతే.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. వాడి బల్ల మీద పెట్టొచ్చాను. పొద్దున చూస్తే అక్కడ లేదు.