‘కల్లు మండుతున్నాయి’ అంటే నాకు ఒళ్ళు మండుతోంది, నాకొక్కదానికేనా?

గోదారి గట్టు:
ఎవర్నీ కించపరచాలని కాదండీ, కడుపులో పెట్టుకోలేక రాస్తున్నా. పొద్దున్నే మా అత్తగారు టీవీలో ఆరోగ్యం ప్రోగ్రాం పెడతారు, అందులో యాంకరమ్మ పట్టుచీర కట్టుకుని నవ్వు మొహంతో "కల్లు ఎర్రబడితే ఏం చెయ్యాలి డాక్టర్ గారూ" అంటుంది. కల్లు ఎర్రబడ్డమేంటి తల్లీ, అది తాగినోడి కళ్ళు కదా ఎర్రబడేది! అక్కడితో ఆగితేనా, పల్లు తోముకోవడం, కీల్ల నొప్పులు, గోరువెచ్చని నీల్లు, చివర్లో మల్లీ షనివారం కలుద్దాం. ఆఫీసులో ఇంకొకాయన ఉన్నారు, ప్రానం, కారనం, గునం. ణ అనే అక్షరాన్ని చూస్తే జాలేస్తుంది నాకు. మా ఆయనేమో నీకు అర్థమైందిగా, ఇంకెందుకు గొడవ అంటారు. చిన్నప్పుడు తప్పు పలికితే మా తెలుగు మాస్టారు గుంజీలు తీయించేవారు, ఆ ఎఫెక్టేమో తెలీదు. మీకూ ఇలా ఉంటుందా, లేక నాదే ఓవరా?

కొబ్బరాకు:
నాకైతే ఫ్లెక్సీలండి. ‘హార్థిక శుభాకాంక్షలు’ అని ఇంత లావు అక్షరాలు, దాన్నే మైకులో గట్టిగా ఒత్తి మరీ చదువుతారు. హార్దికలో ఒత్తు లేదురా బాబూ. బాధలో ఉన్న ఒత్తు తీసి ‘భాద’ అని ముందుకి తగిలిస్తారు. ఉన్నచోట పలకరు, లేనిచోట వదలరు.

ఓరుగల్లోడు:
అక్కా, యాంకర్ సంగతి ఒప్పుకుంటా, ఆమెకు పైసలిచ్చేదే మాట్లాడనీకి. కానీ ఇసొంటి లిస్టులు మెల్లగ మా మీదికి వస్తయి, అది చాన చూసిన. హాస్టల్ల నేను కండ్లు, ఇండ్లు, పెండ్లి అంటే పక్క రూమోళ్లు మళ్ల మళ్ల అనిపిచ్చుకొని నవ్వేటోళ్లు. అరె, కన్నుకు లు చేరిస్తే ముందుగాల అయ్యింది కండ్లే, కళ్ళు అన్నది దాని తర్వాత అరిగి వచ్చింది, పెండ్లి పెళ్ళి కూడ అంతే. పాతది మేం పట్టుకొని ఉన్నం, కొత్తది పలికేటోళ్లు మమ్మల్ని దిద్దుతరు, ఇదేం లెక్క? సినిమాల్ల కూడ ఏండ్లకేండ్లు మా యాసను రౌడీలకు, కమెడియన్లకే ఇచ్చిండ్రు. మా తెలంగాణల, మా యాస కోసం కొట్లాడిన కవి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని భాషా దినోత్సవం చేసుకునేది ఊకెనే కాదు.

గోదారి గట్టు:
తమ్ముడూ, కండ్లు అంటే నాకేం ఇబ్బంది లేదు, అది మీ మాట, వినడానికి బావుంటుంది కూడా. నా గోల అంతా మైకు పట్టుకుని జీతం తీసుకునేవాళ్ళ మీదే.

ఓరుగల్లోడు:
మరి ఆఫీసాయనకు మైకెవలిచ్చిండ్రు అక్కా 😀

పంతులమ్మ (రిటైర్డ్):
అమ్మాయ్, ఒకసారి ‘కథ’ అని పైకి అను. ఇప్పుడు ‘రథం’ అను. మనలో చాలామంది నోట్లో వచ్చేది కధ, రధం. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం, పలికేటప్పుడు రెండూ ఒకటే చేసేస్తాం, దీనికి ఎవరికీ ఒళ్ళు మండదు, ఎందుకంటే చదువుకున్నవాళ్ళు చేసే తప్పు కాబట్టి. అదే పొలం పనికెళ్ళే ఆయన ‘దర్మం’, ‘బూమి’ అంటే మాత్రం నవ్వుతాం. అసలు అచ్చతెలుగు మాటల్లో ఒత్తక్షరాలు దాదాపు లేవు, సంస్కృతం మాటలతోనే ఎక్కువగా వచ్చాయి. నలభై అని రాసేవాళ్ళు కూడా కూరగాయల బండి దగ్గర నలబై అనే బేరమాడతారు.

ల, ళ సంగతి వేరే, అది అచ్చతెలుగులోనే ఉన్న తేడా, పోతే కళ్ళకీ కల్లుకీ తేడా పోతుంది, అక్కడ నీ చిరాకు నాకూ ఉంది. నేర్పడం పెద్ద కష్టం కాదు, నాలుక కొసని వెనక్కి మడిచి అంగిట్లో తగిలిస్తే ళ వచ్చేస్తుంది. కానీ నలుగురిలో దిద్దకూడదు. నా క్లాసులో ఒక పిల్లాడు నీల్లు అంటే మిగతావాళ్ళు గొల్లుమన్నారు, ఆ తర్వాత వాడు జవాబు తెలిసినా చెయ్యెత్తడం మానేశాడు, బెంచీ కింద చూస్తూ కూర్చునేవాడు. ఎవరు ఎలా పలికారన్నదాన్ని బట్టి వాళ్ళది ఏ ఊరు, ఏ కులం, ఎంత చదువు అని మనం లెక్కలేసేస్తాం, చిరాకులో సగం అదే.

ఇంకోటి. చలి, చాప, చుక్కలో ఉన్న చ వేరు, చెట్టు, చిలకలో ఉన్న చ వేరు. పాతకాలం నిఘంటువుల్లో ఆ మొదటిదానికి విడిగా గుర్తు వేసేవారు, ఇప్పుడు వెయ్యరు. కాన్వెంటు పిల్లలు ‘చాలా’ని చాక్లెట్‌లో చా లాగే అంటున్నారు, జడ, జామకాయ కూడా అంతే, మీ టీవీ అమ్మాయి కూడా అలాగే అంటూ ఉంటుంది చూడు. అది మీ ఎవరి చెవికీ తగల్లేదేం?

డాలస్ బావ:
మీరు ళ దగ్గరే ఉన్నారు, మావాడికి త కూడా లేదు. ఇంగ్లీషు అలవాటుకి నాలుక పళ్ళదాకా రాదు, ఆగిపోతుంది, తాతయ్య కాస్తా టాటయ్య అయిపోయాడు. మా నాన్నేమో వీడియో కాల్లో మురిసిపోయి "ఏదీ, ఇంకోసారి అను నాన్నా" అంటారు. మనవడంటే ముద్దు, పక్కూరోడంటే మోటు.

గోదారి గట్టు:
పంతులమ్మగారూ, పొద్దున ప్రోగ్రాం మళ్ళీ చూశానండి. ఆవిడ చాలా అన్న ప్రతిసారీ చాక్లెట్టే వినిపిస్తోంది. ఉన్న రోగం చాలదని ఇదొకటి తగిలించారు నాకు, థాంక్సండి.